పికప్ ట్రక్కు ఎత్తు గురించి ఒక వైద్యుని మాట

మా మేనల్లుడు ఇటీవల ఒక పెద్ద పికప్ ట్రక్కు కొని, చూపించడానికి మా ఇంటి ముందు నిలిపాడు. నాలుగు తలుపులు, ఐదుగురికి సీట్లు, వెనుక సామాను తొట్టి. మామిడితోట ఉన్నవాడికి అటువంటి బండి అవసరమే, నాకు అభ్యంతరం లేదు. అయితే దాని ముందు భాగానికి లావుపాటి ఇనుప గొట్టాల కంచె బిగించి ఉంది. సస్పెన్షన్ మార్పించి రెండంగుళాలు ఎత్తు పెంచాడట. "ఎలా ఉంది మామయ్యా?" అన్నాడు. నేను బానెట్టు ముందు నిలబడి చూశాను. దాని అంచు నా ఛాతీ దాకా వచ్చింది.

ఆ కొలత గురించే మీతో మాట్లాడదలచాను.

నేను ప్రభుత్వ వైద్యునిగా చేరిన రోజుల్లో రోడ్ల మీద కార్లంటే అంబాసిడర్లు, ఫియట్లే. కారు గుద్దిన పాదచారికి తరచుగా మోకాలి దగ్గర ఎముక విరిగేది. బంపరు తగిలే ఎత్తు అదే కనుక వైద్యులు దానిని 'బంపర్ ఫ్రాక్చర్' అనేవారు. మనిషి బానెట్టు మీదికి ఒరిగిపడేవాడు. తలకు దెబ్బ తగిలి మరణించినవారు లేకపోలేదు గాని, సిమెంటు కట్టుతో ఇంటికి వెళ్లినవారిని ఎందరినో చూశాను. ఎత్తుగా, గోడలా నిటారుగా ఉన్న బానెట్టు అలా కాదు. దెబ్బ నేరుగా తుంటికి, పొట్టకు, ఛాతీకి తగులుతుంది. కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు ఉండే చోటది. పైగా మనిషి ముందుకు ఎగిరిపడి చక్రాల దారిలోకి వస్తాడు. ఐదారేళ్ల పిల్లవాడైతే ఆ దెబ్బ తలకే. బండికి దగ్గరగా నిలబడితే వాడు డ్రైవరుకు కనిపించనే కనిపించడు.

పికప్‌ల మోజు ఎక్కువగా ఉన్న అమెరికాలో, రహదారి భద్రతపై పరిశోధించే బీమా రంగ సంస్థ ఒకటి 2023లో ఈ విషయమే ప్రకటించింది. బానెట్టు ఎత్తు 40 అంగుళాలు మించిన వాహనం గుద్దితే, 30 అంగుళాలకు మించక వాలుగా ఉన్నదానికంటే పాదచారి మరణించే అవకాశం సుమారు 45 శాతం అధికమట. టెక్సాస్‌లో స్థిరపడి ఇటువంటి బండ్లు కొంటున్న మన పిల్లలకూ ఈ మాట చేరితే మంచిది.

ఇక ఆ ఇనుప కంచె సంగతి. రాత్రివేళ గేదె అడ్డం వస్తే రేడియేటరు దెబ్బతినకుండా కాపాడుతుందని మావాడి వాదన. పల్లె దారుల్లో తిరిగేవాడి మాటను కొట్టిపారేయలేను. కాని బండి ముందు భాగం నలిగి దెబ్బ తీవ్రతను తగ్గించాలనే ఉద్దేశంతో దానిని తయారుచేస్తారు. ఆ కంచె నలగదు. ఎదుటివాడి ఎముకలు విరుగుతాయి, లోపలివారికి ఎయిర్‌బ్యాగు సకాలంలో తెరుచుకోకపోవచ్చు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వీటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలను ఆదేశించింది. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అయినా ఇవి దుకాణాల్లో బాహాటంగా దొరుకుతున్నాయి.

ఎత్తు పెంచినవారు మరొకటి గమనించాలి. బరువు పైకి జరిగిన బండి మలుపుల్లో త్వరగా బోల్తా పడుతుంది. తొట్టి ఖాళీగా ఉంటే వెనుక చక్రాలపై భారం తక్కువ, వాన రోడ్డు మీద జారుతుంది. ఆ బిరుసు కమాను కట్టల మీద ఖాళీ బండిలో ప్రయాణం నడుముకు ఎలా ఉంటుందో మావాడితో తోటదాకా వెళ్లివచ్చి రెండు రోజులు అనుభవించాను.

గత వారం మేనల్లుడు మళ్లీ వచ్చాడు. కంచె తీయించాడు. ముందు వైపు కెమెరా పెట్టించాడు, కదిలే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి చూస్తున్నానన్నాడు. సస్పెన్షన్ సంగతి దసరా తరువాత చూద్దామన్నాడు. దసరా వెళ్లిన మరునాడే ఫోను చేస్తానని చెప్పి పంపాను.