పాము కావాలన్న పిల్లలకు ఏం చెబుదాం?



యూట్యూబ్‌లో బాల్ పైథాన్ వీడియోలు చూసిన పిల్లలు "మనమూ ఒకటి పెంచుకుందామా?" అని అడుగుతున్నారు. "ఛీ, పామా!" అని కసిరేయకండి. సరేనని మాటా ఇచ్చేయకండి. కూర్చోబెట్టి నిజాలు చెప్పండి.

మొదటిది చట్టం. విషం లేనివే అయినా జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము వంటి మన పాములను పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇంట్లో ఉంటే అదృష్టం కలిసొస్తుందన్న మూఢనమ్మకం వల్లే రెండు తలల పాము స్మగ్లర్ల పాలవుతోంది. బాల్ పైథాన్ ఆఫ్రికా జాతి. దాన్ని పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దానికి పిల్లలు కలిగినా తెలియజేయాలి.

రెండోది బాధ్యత. సరిగ్గా చూసుకుంటే బాల్ పైథాన్ 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. వెచ్చదనం తగ్గని పెట్టె, తినడానికి ఎలుకలు కావాలి. మీ అబ్బాయి ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్తే ఆ ఎలుకలు వేయాల్సింది మీరే!

ఆసక్తిని మాత్రం చంపొద్దు. సెలవుల్లో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో పాములను చూపించండి. ఊరెళ్లినప్పుడు పొలం గట్టున జెర్రిపోతు కనిపిస్తే అది ఎలుకలను తిని పంటను కాపాడుతుందని చెప్పండి. ఏ పామునూ ముట్టుకోకూడదు, ఏ పామునూ కొట్టకూడదు. పిల్లలకు ఈ రెండూ కలిపి నేర్పితే, ఇంట్లో పాము లేకపోయినా పాముల మీద ప్రేమ ఉంటుంది.