ఇ-ఫ్లాట్ మేజర్ మూడ్ ఏంటో కాస్త చెప్తారా?

నాలుగేళ్ళ క్రితం ఉద్యోగంలో భాగంగా ఒక పాపం చేశాను. పాటల ఫైళ్ళు తీసుకుని, ఒక్కోదాని టెంపో ఎంత, కీ ఏది, మేజరా మైనరా అని లెక్కగట్టి, వాటి నుంచి 'మూడ్' అనే గడి నింపే ప్రోగ్రామ్ రాశాను. వేగం, మేజర్ కలిస్తే హ్యాపీ. నెమ్మది, మైనర్ కలిస్తే సాడ్. నెమ్మది, మేజర్ అయితే రిలాక్సింగ్. టెస్టులన్నీ పాసయ్యాయి. టెస్టులు రాసిందీ నేనే లెండి.

ఇప్పుడు నా గొడవేంటంటే, ఆ ప్రోగ్రామ్ చేసే పనినే మన సంగీత సమీక్షకులు చేత్తో చేస్తున్నారు. ఇ-ఫ్లాట్ కాబట్టి వీరోచితం, అలెగ్రో కాబట్టి ఉల్లాసం. అసలు విన్నారా, లేక అట్ట మీద ఉన్నది చదివారా?

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1878లో క్లారినెట్‌కీ మిలటరీ బ్యాండ్‌కీ కలిపి ఒక కాన్‌చెర్టో రాశాడు. పట్టుమని పది నిమిషాలుండదు. అప్పటికి ఆయన రష్యన్ నౌకాదళం బ్యాండ్లకి ఇన్‌స్పెక్టరు. ఆ బ్యాండ్ల కచేరీలకి అరిగిపోయిన సోలో ముక్కలు తప్ప దిక్కులేదని తనే రాయడానికి కూర్చున్నాడు. కీ: ఇ-ఫ్లాట్ మేజర్.

ఎవరి ఇ-ఫ్లాట్? సోలో వాయించే బి-ఫ్లాట్ క్లారినెట్ మనిషి ముందున్న కాగితం మీద అది ఎఫ్ మేజర్. ఎందుకంటే అతను 'సి' అని చదివి వాయిస్తే బయటికొచ్చేది బి-ఫ్లాట్. బ్యాండ్‌లో చిన్న ఇ-ఫ్లాట్ క్లారినెట్ ఉంటే దానికి సి మేజర్. ఎఫ్ హార్న్‌కి బి-ఫ్లాట్ మేజర్. ఒకే గదిలో, ఒకే క్షణంలో, నలుగురికి నాలుగు పేర్లు. మూడ్ ఆ పేరులో ఉంటే ఒకడు వీరుడు, ఇంకొకడు అమాయకుడు అయిపోవాలి పాపం. బ్యాండ్ సంగీతం ఇలా ఫ్లాట్‌ కీల చుట్టూ తిరగడం వెనక పెద్ద భావోద్వేగమేం లేదు. ఆ వాయిద్యాల గొట్టాలు బి-ఫ్లాట్‌కీ ఇ-ఫ్లాట్‌కీ కొలిచి చేసినవి. వేళ్ళకి సుఖం, అంతే.

పోనీ పేరు వదిలేసి స్వరం ఎత్తునే చూద్దామంటే, అది కూడా స్థిరంగా లేదు. ఫ్రాన్స్ 1859లో 'ఎ'ని 435 దగ్గర కట్టేసింది. 440 మీద అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1939లో. అంతకుముందు ఊరికో శృతి. మనవాళ్ళు ఒకటి శృతిలో పాడినా అయిదు శృతిలో పాడినా శంకరాభరణం శంకరాభరణమే. ఈ మాట మన పల్లెటూరి భజన గుంపులో ఎవరినడిగినా చెప్తారు. సమీక్షకులకి మాత్రం పట్టదు.

ఇక మూడ్ విషయానికొస్తే, పెద్దలే పోట్లాడుకుంటున్నారు. షూబార్ట్ అనే జర్మన్ ఆయన ఇ-ఫ్లాట్ ప్రేమకి, భక్తికి చెందినదన్నాడు. మూడు ఫ్లాట్లు ఉన్నాయి కాబట్టి క్రైస్తవుల త్రిత్వమట! బేతోవెన్ మూడో సింఫనీ తర్వాత అదే కీ వీరత్వం అయింది. మరి మన కోర్సకోవ్‌కి కీలు రంగుల్లా కనబడేవి. ఆయనకి ఇ-ఫ్లాట్ మేజర్ దిగులుగా, బూడిద కలిసిన నీలంగా ఉండేది. అలాంటి మనిషి ఆ కీలో నౌకాదళం బ్యాండ్‌కి ఇంత హుషారైన ముక్క రాశాడు. దిగులు రంగు ఎక్కడ దాక్కుందో నాకు చూపించండి.

టెంపో సంగతి ఇంకా తేలిక. ఇందులో మొదటి భాగం అలెగ్రో మోడెరాటో. చివరిదీ అలెగ్రో మోడెరాటోనే. రెండూ ఒకే మనిషిలా వినబడితే నా పేరు మార్చుకుంటాను.

వేగానికీ మేజర్-మైనర్‌కీ ప్రభావమే లేదనడం లేదు. ఉంది. కానీ ఈ కాన్‌చెర్టోలో వినాల్సింది వేరే. ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వెనక వయొలిన్లు పరుపులా ఉంటాయి. వేరే గొంతులు కాబట్టి సోలో విడిగా తేలుతుంది. బ్యాండ్‌లో వయొలిన్లుండవు, ఆ పని కూడా క్లారినెట్లే చేస్తాయి. అంటే సోలో మనిషి తన అన్నదమ్ముల మధ్యే నిలబడి వినబడాలి. వెనక బ్యాండ్ బరువెక్కితే అతను పై స్వరాలకి ఎక్కక తప్పదు, అక్కడ గొంతు పదునెక్కుతుంది. మధ్యలోని ఆండాంటేలో బ్యాండ్ పల్చబడినప్పుడు మాత్రం ఊపిరి కూడా వినబడేంత మెల్లగా వాయించగలడు. మూడ్ మారేది ఇదిగో, ఇక్కడ.

చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి వచ్చే బ్యాండ్ మేళంలో ఒక క్లారినెట్ తాత ఉండేవాడు. ఊరేగింపులో డ్రమ్ముల మీదుగా వినబడాలని కీచుమంటూ పైకి పోయేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఒకసారి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, డ్రమ్ములు లేకుండా, అదే పాటని అడుగు స్వరాల్లో తన కోసం వాయించుకున్నాడు. అదే పాట, అదే శృతి, వేగం కూడా దాదాపు అంతే. పెళ్ళికూతురి తల్లి లోపల్నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

నా ప్రోగ్రామ్‌కి ఆ రెండూ ఇస్తే రెంటికీ హ్యాపీ అనే రాస్తుంది. మొజార్ట్ క్లారినెట్ కాన్‌చెర్టోలోని అడాజియో ఇస్తే, డి మేజర్, నెమ్మది, కాబట్టి రిలాక్సింగ్. ఇచ్చి చూశాను కూడా. ఆ గడి తీసెయ్యమని టికెట్ పెట్టాను. 'లో ప్రయారిటీ' అని రాశారు. ఆ కంపెనీ మానేసి రెండేళ్ళయింది, ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉందట.