సముద్రగర్భ పటాలు, సమాచార పంపిణీ: తిరుపతి తీరానికి ఎంతో అవసరం

ప్రత్యేక వ్యాసం

తిరుపతి: 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూళ్లూరుపేట, శ్రీహరికోట, పులికాట్ సరస్సు ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. తీరం లేని పూర్వపు చిత్తూరు జిల్లా నుండి వేరుపడిన ప్రాంతానికి ఆ విధంగా సముద్రతీరం లభించింది. అయితే స్వర్ణముఖి నదికి ఈ బంధం కొత్తది కాదు. చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగి బంగాళాఖాతంలో కలిసే ఈ నది తనతో ఇసుకను, ఒండ్రును కడలికి చేరవేస్తోంది. ఆ ఇసుక ఎక్కడ పేరుకుంటున్నది, ఎటు కదులుతున్నది అన్న అంశంపైనే తీరంలోని పథకాల భవితవ్యం ఆధారపడి ఉంది.

పులికాట్ ఇందుకు నిదర్శనం. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోవడం వల్ల సరస్సులోకి సముద్రజలాల రాక తగ్గి, మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతిన్నది. పూడిక తీయడంతోనే సమస్య తీరదు. ముఖద్వారం వెలుపలి సముద్రగర్భ స్వరూపం తెలియనిదే, తీసిన ఇసుక మళ్లీ ఎంత కాలంలో చేరుతుందో అంచనా వేయడం సాధ్యం కాదు. వాకాడు మండలం దుగరాజపట్నం విషయమూ అంతే. ఆర్మగాన్ పేరుతో 17వ శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం వెలసిన ఈ తీరానికి ఎదురుగా నీటి అడుగున ఇసుక తిన్నె ఉన్నది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ఇక్కడ ప్రధాన ఓడరేవును పేర్కొన్నప్పటికీ అది నెరవేరలేదు. 2025లో నౌకా నిర్మాణ కేంద్రం ప్రతిపాదన వెలువడింది. ప్రతిపాదన ఏదైనా, లోతుల లెక్క ముందుగా తేలవలసి ఉంటుంది.

2022 నవంబర్ 26న శ్రీహరికోట నుండే ఓషన్‌శాట్-3 ఉపగ్రహం నింగికెగసింది. సముద్రపు రంగును, ఉపరితల ఉష్ణోగ్రతను, గాలులను ఉపగ్రహాలు గమనించగలవు. అడుగుభాగపు వివరాలకు మాత్రం నౌకలే శరణ్యం. నౌక నుండి విసనకర్రవలె పంపిన ధ్వని తరంగాలు తిరిగివచ్చే కాలాన్ని బట్టి లోతు, వాటి తీవ్రతను బట్టి అడుగున ఉన్నది బురదో, ఇసుకో, రాయో తెలుస్తుంది. ఒక్కో ప్రయాణంలో కొలవగల మేర సుమారు లోతుకు మూడు, నాలుగు రెట్లు మాత్రమే. అంటే పది మీటర్ల లోతులో దొరికేది 30, 40 మీటర్ల పట్టీయే. మనకు అత్యంత సమీపంలోని జలాల సర్వేకే అధిక శ్రమ అవసరమగుటకు కారణమిదే. 2025 జూన్ నాటికి ప్రపంచ సముద్రగర్భంలో 27.3 శాతానికి మాత్రమే ఆధునిక పటాలు సిద్ధమైనట్లు సీబెడ్ 2030 ప్రాజెక్టు ప్రకటించింది.

మన దేశంలో ఈ బాధ్యతను పలు సంస్థలు పంచుకుంటున్నాయి. నౌకాయాన పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం, భూగర్భ వివరాలను మంగళూరు కేంద్రంగా గల భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ సాగర విభాగం రూపొందిస్తున్నాయి. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సాగర సమాచారాన్ని భద్రపరచి అందిస్తున్నది. ఇందుకై 2020 డిసెంబర్‌లో డిజిటల్ ఓషన్ వేదికను ప్రారంభించారు. 2023 డిసెంబర్‌లో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం కూడా అందుబాటులోకి వచ్చింది.

భద్రతా కారణాల దృష్ట్యా తీరజలాల వివరమైన లోతు సమాచారంపై ఆంక్షలు ఉన్నాయి. రోదసి కేంద్రం గల ఈ తీరంలో ఆ జాగ్రత్త సమంజసమే. అయినప్పటికీ, మత్స్య, జలవనరుల, విపత్తు నిర్వహణ శాఖలకు నిర్ణీత నిబంధనలతో ఆ సమాచారం అందితేనే ప్రయోజనం. 2004 డిసెంబర్ 26 సునామీ మన తీరాన్నీ తాకింది. తీరం చేరువలోని లోతులను బట్టే అలల ఎత్తు, ముంపు విస్తీర్ణం మారుతాయన్నది గమనార్హం.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఐఐఎస్ఈఆర్ వంటి విద్యాసంస్థలు తిరుపతిలోనే ఉన్నాయి. సమీపంలోని గాదంకి ప్రయోగశాల ఆకాశపు పొరలను పరిశోధిస్తున్నది. పైనున్న ఆకాశానికి లభించిన శ్రద్ధ ముందున్న కడలి అడుగుకూ లభించాలి. సేకరించిన సమాచారం నిర్ణయం తీసుకునే అధికారి బల్లపైకి చేరినప్పుడే సర్వేకు సార్థకత.