ఇచ్చువాడు – అందుకొనువాడు

ఇల్లు కట్టుచోట ఇటుకలు అందించే పనివారిని మన విద్యార్థులందరూ చూచియే ఉంటారు. క్రింద నిలిచినవాడు ఇటుకను పైకి విసురుతాడు. పరంజా మీద ఉన్నవాడు దానిని పట్టి ప్రక్కన పేర్చుతాడు. మాట లేదు, సైగ లేదు. పట్టేవాని చేతులు ఇటుకకు ఎదురుపోవు; దానితోపాటు కొంచెం వెనుకకు వచ్చి దాని వేగాన్ని తగ్గిస్తాయి. విసరేవాడు తన బలం చూపడు. రెండవవాని చేతికి అందే ఎత్తుకు వచ్చేసరికి ఇటుక వేగం తగ్గునట్లు విసురుతాడు. ఇద్దరిలో ఒకడు క్రొత్తవాడైతే ఆ పూట ఇటుకలు పగులుతాయి, వ్రేళ్ళు నలుగుతాయి.

ఆటకు సంబంధించిన వ్యాసంలో ఇటుకల ప్రస్తావన ఎందుకని పాఠకులు అడుగవచ్చును. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మన ఫుట్‌బాల్ వంటిది కాదు. కొనలు తేలిన బంతిని చేతితో విసరి ఆడే ఆట అది. విసరేవానిని క్వార్టర్‌బ్యాక్ అనీ, పరుగెత్తి పట్టేవానిని రిసీవర్ అనీ అంటారు. ఆ ఆటలో ప్రసిద్ధుడైన రిసీవర్ జెర్రీ రైస్ మిసిసిపీ రాష్ట్రంలో ఒక తాపీపనివాని కుమారుడు. బాల్యంలో తండ్రి వెంట పనికిపోయి, సోదరులు విసరే ఇటుకలను పట్టేవాడు. 1985 నుండి 2004 వరకు సాగిన తన క్రీడాజీవితంలో అతడు 1,549 పర్యాయములు బంతిని అందుకొన్నాడు. ఆ లెక్కను నేటికీ ఎవరూ దాటలేదు.

ఈ ఇద్దరు ఆటగాళ్ళ అభ్యాసంలో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. రిసీవర్ ఎన్ని అడుగులు పరుగెత్తి ఏ వైపు తిరుగవలెనో ముందే నిర్ణయించుకొంటారు. అతడు ఇంకను తిరుగకముందే బంతి రెండవవాని చేయి విడుస్తుంది. మనిషి ఉన్నచోటికి కాదు, మనిషి రాబోయేచోటికి బంతి పోతుంది. ఇది ఒకనాటి ఉత్సాహంతో వచ్చే విద్య కాదు. ప్రేక్షకులు లేని మైదానంలో, అదే జత, అదే పరుగు, అదే విసురు, వందలసార్లు చేయగా వచ్చే నమ్మకం.

ఈ సత్యం తెలుసుకొనుటకు అమెరికా పోనక్కరలేదు. మన హైదరాబాదులో రహీం సాబ్ అని అందరూ గౌరవించిన సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించినారు. వృత్తిచేత ఉపాధ్యాయులు. 1943 నుండి 1963లో మరణించు వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు రోవర్స్ కప్ గెలిచినది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం సాధించినది. నడుమ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. జకార్తా తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరొక స్వర్ణం రాలేదు.

రహీం సాబ్ చేసినదేమి? బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టినారు. డ్రిబ్లింగ్ నిషేధించి, ఒక్క తాకుడుతోనే బంతిని సహచరునికి పంపవలసిన పోటీలు పెట్టినారు. బంతిని తనవద్ద ఉంచుకొనుటకు వీలు లేనప్పుడు ఆటగాడు తల యెత్తి తోటివాడు ఎక్కడ ఉన్నాడో చూడక తప్పదు. 2024లో ఆయనపై ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చినది. మన విద్యార్థులు పలువురు చూచి చప్పట్లు కొట్టినారు. మరునాడు మన మైదానంలో ఏమి మారినది? ఏమియు మారలేదు.

గత సంవత్సరం మన జట్టు పొరుగు కళాశాలతో ఆడిన ఆటను మేము చూచినాము. ఉర్దూ మాధ్యమం వారు ఉర్దూ మాధ్యమం వారికి, తెలుగు మాధ్యమం వారు తెలుగు మాధ్యమం వారికి బంతి ఇచ్చుకొన్నారు. భద్రాచలం వైపు అడవి గ్రామం నుండి వచ్చిన విద్యార్థి ఒకడు ఎడమ అంచున, ఎదురు లేక, చెయ్యెత్తి నిలిచినాడు. ఆట ముగియులోపల అతనికి బంతి మూడుసార్లు అందినది. మేము లెక్కపెట్టినాము. ఓడిన తరువాత అతనిని పలుకరించినాము. “వాళ్ళకు నా పేరు తెల్వదు సార్, ఎట్ల పిలుస్తరు?” అన్నాడు.

ఇది ద్వేషం కాదు, అలవాటు. తరగతి వేరు, బల్ల వేరు, భోజనం చేసే జట్టు వేరు. ఆ అలవాటును అట్లే సాగనిచ్చిన దోషంలో అధ్యాపకులమైన మాకును భాగమున్నది. ప్రతి వార్షికోత్సవంలో ఉర్దూలో ఇత్తెహాద్ గురించి, తెలుగులో ఐకమత్యం గురించి ఉపన్యసిస్తాము. ఉపన్యాసం విన్నవాడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. డ్రిల్ చేసినవానికి తోటివాని పేరు, పరుగు, బలహీనమైన కాలు కూడా తెలుస్తాయి.

కావున కమిటీ పెద్దల ముందు మా ప్రతిపాదన ఇది. వారానికి నాలుగు సాయంత్రాలు, నలుబది నిమిషాల చొప్పున, పది బంతులతో అభ్యాసం జరుగవలెను. జతలను చీట్లు తీసి నిర్ణయించవలెను. ప్రతి జతలో ఉర్దూ మాధ్యమం వాడొకడు, తెలుగు మాధ్యమం వాడొకడు ఉండవలెను. నెల దాటువరకు జత మారరాదు. మొదట పది అడుగుల దూరాన నిలిచి బలహీనమైన కాలితోనే ఇచ్చిపుచ్చుకొనవలెను. బంతి పంపేముందు అవతలివాని పేరు పిలువవలెను. తరువాత పరుగులో ఉన్నవాని ముందుకు బంతి పంపుట. చివర డ్రిబ్లింగ్ లేని ఆట. విద్యార్థినులకు వేరుగా సమయం కేటాయించవలెను. నిజామాబాద్ జిల్లా నుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టుకు ఆడినది. మన బాలికలకు కొరతైనది కాళ్ళ బలం కాదు, మైదానం.

చదువు చెడుతుందని పెద్దలు కొందరు శంకింపవచ్చును. ఆ శంక మాకును ఉండెడిది. కాని సాయంత్రం నలుబది నిమిషాలు మన విద్యార్థులు పుస్తకాలతోనే గడుపుతున్నారని ఎవరు చెప్పగలరు? ఖర్చు మాట అంటే, వార్షికోత్సవపు షామియానాకు, మైకులకు అయ్యే దానిలో కొంతభాగం చాలును.

గెలుపు తప్పక వస్తుందని మేము వాగ్దానం చేయలేము. వచ్చే సంవత్సరపు జట్టులో ఎడమ అంచున చెయ్యెత్తినవానిని పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడైనా ఉంటాడని మాత్రం చెప్పగలము. జూన్ నెలలో కళాశాల తెరచిన మొదటి వారముననే ఈ అభ్యాసం ఆరంభింపజేయవలెనని కమిటీ పెద్దలకు మా విన్నపం. చీట్లు తీసిననాడు మీ జతగా ఎవరు వచ్చినను మార్చమని అడుగవద్దని విద్యార్థులకు మా మనవి.