అతిథుల యూరిలో కాపురము



మావారి యుపాధ్యాయ వృత్తిని బట్టి మేము కాపురముండు నూరు దిండి. ఇది కోనసీమ జిల్లా మలికిపురం మండలమున, వసిష్ఠ గోదావరి యొడ్డున నున్నది. వ్యాకరణము చదివినవారు ద్రుతము మీది పరుషము సరళమగునని యెరుగుదురు. ఆ సూత్రమును బట్టి ‘తిండి’ యే ‘దిండి’ యైనదని నేను వినోదమునకు అనుచుందును. కాదు, ‘దిండు’ నుండి వచ్చినదని మా పిల్లలు వాదింతురు. ఏదైనను పేరు తగినదే. ఇచ్చటికి వచ్చువారు కోరునవి ఆ రెండే గదా, రుచియైన తిండియు, మెత్తని దిండును!

పదిమందియు విశ్రాంతికై వచ్చు నూరిలో నిత్యకాపురము ఎట్లుండునని పైయూళ్ల చెలులు నన్ను అడుగుచుందురు. “మీకేమి, దినమును పండుగే” యని కొందరి యభిప్రాయము. అది సగమే నిజము. తక్కిన సగమును చెప్పుటకే ఈ మాసపు లేఖ.

ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. వసిష్ఠకు ఈవలి గట్టు మాది. ఆవలి గట్టు పశ్చిమగోదావరిలోని చించినాడ. నడుమ వంతెన మీదుగా 216వ నంబరు జాతీయ రహదారి సాగిపోవును. కొబ్బరితోటల నడుమ రాష్ట్ర పర్యాటక సంస్థ వారి రిసార్టును, ప్రైవేటు రిసార్టులును, నదిలో హౌస్‌బోట్లును ఉన్నవి. సంక్రాంతికి గదులన్నియు ముందుగనే నిండిపోవును. వాని యద్దె సామాన్యునకు అందదు. మాఘమాసమున అంతర్వేది నరసింహస్వామి కల్యాణమునకు పోవువారును, భీష్మైకాదశి నాటి రథోత్సవము చూడవచ్చువారును ఈ దారినే పోవుదురు. వరదకాలమున ఎర్రనీటితోపాటు పులస చేప వచ్చును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గలవారు దానితోపాటే వత్తురు.

ఇక గృహిణి చూచు ఊరు వేరు. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆరంభింపించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. నేడు అచ్చట బ్యారేజీ యున్నది. మా పొలములకును మంచినీటి చెరువులకును నీరు కాలువల ద్వారా అచ్చటి నుండియే రావలెను. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అంతకుముందు చెరువులో నింపుకొన్న నీటితోనే మరల కాలువ వచ్చువరకు గడుపుకొనవలెను. నది యెదుటనే యున్నదిగదా యందురేమో! పైనుండి ప్రవాహము తగ్గినపుడు సముద్రపు పోటు నదిలోనికి ఎక్కి నీరు ఉప్పగిల్లును. కన్నులకు అంత నీరు, కడవకు చుక్క కరవు. బడిసెలవులకు అతిథులు వచ్చునది సరిగా ఈ దినములలోనే. చల్లగా రెండుమారులు స్నానము చేయు నాగరిక సోదరికి ఈ లెక్క తెలియదు, చెప్పువారును లేరు.

రేవు సంగతి మరియొకటి. తెల్లవారుజామున మా స్త్రీలు నదిలో మునిగి, తడిబట్టలతోనే పసుపు కుంకుమలు గోదావరికి సమర్పింతురు. ఆ సమయమున పడవ మీదనుండి ఫోనులు పైకెత్తి చిత్రములు తీయువారు గలరు. వారికి అది సుందరదృశ్యము, మాకు స్నానము. కొందరు పడుచులు రేవునకు వచ్చుటయే మానిరి. తనవాకిట తనకు చాటు లేకపోవుట యెంత కష్టమో స్త్రీలకు విప్పి చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పి, ఈ రిసార్టులు లేకున్న మేలని నేననజాలను. కారణము వినుడు. కోనసీమ నుండి ఇంటిపనులకై కువైట్ మొదలగు గల్ఫు దేశములకు పోయిన స్త్రీలు పెక్కుమంది. అప్పు తీర్చుటకో, ఆడపిల్ల పెండ్లికో, పసిబిడ్డను అమ్మమ్మకు అప్పగించి పోవుదురు. మా పొరుగున నొక యిల్లాలు అట్లే పోయి, యేండ్లకు తిరిగివచ్చి, యిపుడొక రిసార్టులో గదులు ఊడ్చి పక్కలు పరచుచున్నది. రాబడి అచ్చటి దానిలో సగము లేదు. అయినను సాయంకాలము కూతునకు తలదువ్వి జడవేయుట ఆమెకు దక్కినది. “పరాయిదేశములో పరాయివారి పక్కలు పరచుట కంటె మాయూరిలో పరచుట మేలు కాదా, అమ్మగారూ?” అని ఆమె నన్నడిగినది. నా చదువులో దీనికి మారుమాట దొరకలేదు.

కాని ఆ పనియు ఏడాది పొడుగున ఉండదు. సంక్రాంతికి కన్ను మూయు తీరిక లేదు. తనయింట అరిసెల పాకము పట్టవలసిన వేళ ఆమె పరుల వంటశాలలో నుండును. తుపాను ముసిరి గదులు ఖాళీయైనంతనే, “మరల కబురు చేయుదుము, పొమ్ము” అందురు. ఆ ఖాళీదినములలోనే గల్ఫునకు మనుష్యులను పంపు దళారి ఆమె గుమ్మమున నిలుచును. మా యూరి సుఖదుఃఖములు ఈ యొక్క గుమ్మమున తెలియుచున్నవి.

పెద్దలు అతిథి శబ్దమునకు తిథినియమము లేక వచ్చువాడని అర్థము చెప్పిరి. నేటి అతిథులో, శనివారమును పండుగ సెలవును చూచుకొని ఒక్కమారే వత్తురు. సోదరులారా, సోదరీమణులారా, మీరు శబ్దార్థమును సార్థకము చేయుడు! ఏ పండుగయు లేని కార్తికమాసపు బుధవారమున రండు. అద్దె తక్కువ, వెన్నెల ఎక్కువ. ఆ యిల్లాలికి ఆ వారము పని యుండును. వచ్చునపుడు నీటిసీసా ఇంటినుండి తెచ్చుకొని, తిరిగి తీసికొనిపొండు, నదిలో విడువకుడు. రేవు కనబడినపుడు ఫోను దించుడు. బొండము అమ్ము ముసలమ్మతో అయిదు రూపాయలకు బేరమాడకుడు. పోవునాడు గది ఊడ్చిన యామె పేరడిగి, ఆమె చేతికే యేదైన నిచ్చి పొండు.

మీరు రెండునాళ్లుండి పోవుదురు, మేము ఇచ్చటనే యుందుము. ఈ భేదము మనసునందుంచుకొన్న యతిథికి మా గోదావరి తీరమున ఎల్లపుడును స్వాగతమే.