పుట్టని బిడ్డ తరఫున సంతకం ఎవరిది?

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేరొక కందిని ఆ పేరుతో అమ్మినవానికి జైలుశిక్ష విధించే చట్టం ఉన్నది. మానవ పిండపు జన్యువులను మార్చి గర్భంలో ప్రవేశపెట్టే వైద్యుని కోసం మాత్రం మన దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు.

నిషేధమే లేదని నేననడం లేదు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2019 మార్గదర్శకాలు బీజకణాల, పిండాల జన్యుచికిత్సను నిషేధించాయి. కానీ మార్గదర్శకం శాసనం కాదు. చైనాలో హే జియాన్‌కుయ్ కవల ఆడపిల్లల జన్యువులను పిండదశలోనే మార్చిన సంగతి 2018లో బయటపడింది. మరుసటి సంవత్సరం అతనికి 3 ఏళ్ల జైలు పడింది, అదీ అక్రమ వైద్యమనే నేరం మీద! పిండాల జన్యుమార్పును నేరంగా పేర్కొనే నిబంధన అక్కడ 2021లో గాని రాలేదు. మనమూ అటువంటి బిడ్డ పుట్టేదాకా ఆగాలా?

రోగి మూలకణాలను వెలికితీసి, సవరించి, తిరిగి ఎక్కించే చికిత్సకు నేను విరోధిని కాను. సికిల్ సెల్, తలసీమియాలకు అటువంటి చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించింది. ఆ మార్పు ఆ రోగితోనే ముగుస్తుంది. (అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన జిల్లా రోగికి అది ఎన్నడు అందేను!) పిండంలో చేసిన మార్పు అలా కాదు, మనుమలకూ మునిమనుమలకూ సంక్రమిస్తుంది.

తల్లిదండ్రులు అంగీకరిస్తే చాలదా అని మీరడగవచ్చు. అంగీకారపత్రాలు ఎలా తయారవుతాయో ఖమ్మం జిల్లాలో చూశాము. 2009లో అక్కడ గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేసినప్పుడు, ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దానిని తీవ్రంగా తప్పుబట్టింది. టీకా మంచిదే, ఆడపిల్లలకు వేయించమనే నేటికీ చెబుతాను. చెడ్డది పద్ధతి. కళ్లెదుట ఉన్న పిల్లకే దిక్కులేనప్పుడు, పుట్టని మునిమనుమరాలి తరఫున సంతకం ఎవరు చేస్తారు?

పైగా తలసీమియా నివారణకు పిండాన్ని సవరించనక్కరలేదు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లికి ముందే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే వాహకులెవరో తెలుస్తుంది. మేనరికమైతే తప్పక చేయించండి.

గర్భస్థ శిశువు లింగనిర్ధారణకు వ్యతిరేకంగా 1994లోనే జైలుశిక్షతో చట్టం చేసుకున్నాము. తరతరాలను మార్చే ఈ పనికి అటువంటి చట్టం ఎందుకు లేదు? వికారాబాదుకో తాండూరుకో ఈసారి వచ్చినప్పుడు మీ చేవెళ్ల పార్లమెంటు సభ్యుణ్ణి నిలదీసి అడగండి.