దసరా మామూళ్ళు

దసరా సెలవులకు నల్లచెరువులో ఒక ప్రైవేటు బడి గేటుకు తాళం పడింది. దానిని చూసిన పూట నాకు పాతకాలపు వీధిబడులు గుర్తుకువచ్చాయి.

ఆ పంతుళ్ళకు సర్కారు జీతం లేదు. దసరా వస్తే పిల్లల చేతికి గిలకల విల్లంబులిచ్చి, పద్యాలు పాడించుకుంటూ గడపగడపకూ వెళ్ళేవారు. ఇంటివారు పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి దక్షిణ ఇచ్చేవారు. ఇది యాచన కాదా అంటారు మిత్రులు. అయ్యవారు చేయి చాచవలసిరావడం నాకూ సమ్మతం కాదు. (ఆ బడులలో అందరి పిల్లలకూ చోటుండేది కాదన్నదీ మరువరాదు.) అయితే బడి నడిపే మనిషి ఏడాదికొకసారి ప్రతి గడపా తొక్కి, పిల్లవాడు నేర్చినది ఊరిముందు వినిపించేవాడు. ఆ అప్పగింత ఇప్పుడేదీ?

1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు లెక్కించాడు. తెలుగువి 226. పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోనివే. జనం పేదలైపోవడంవల్లనే బడులు క్షీణిస్తున్నాయని ఆయనే వ్రాశాడు. ఊరు చితికితే బడీ చితికేది.

ఇప్పుడు బడికి ఫీజులు వస్తున్నా, పలుచోట్ల ఉపాధ్యాయునికి వేసవి సెలవుల జీతం దక్కదు. కరోనాలో బడులు మూతపడగా, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసివచ్చింది. ఫీజు కట్టిన ఇళ్ళలో ఎందరికి ఆ పంతులు ఇల్లు తెలుసు?

కరెస్పాండెంటుగార్లకు నా విన్నపం ఒక్కటే. సెలవుల జీతం ముందే చెల్లించి, దసరాకు ఒక్క పూట మీ ఉపాధ్యాయులతో, పిల్లలతో మా వీధికి రండి. పప్పుబెల్లాలు మేము సిద్ధం చేసుకుంటాము.